సైమన్స్ శంకువు, చిన్నాయన ఆవర్జాలు

అమెరికన్ గణితవేత్త జేమ్స్ సైమన్స్ పేరు నేను మొదటిసారి విన్నది 1980ల నడుమ, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ గణితం చదువుతున్న రోజుల్లో. అవకలన జ్యామితి చెప్పే మా సార్ ఒక మధ్యాహ్నం మెలితిప్పిన ఇనుప తీగను, ఒక గిన్నెలో సబ్బునీళ్లను తరగతికి తెచ్చారు. తీగను ముంచి పైకి తీసి, దాని నడుమ వణుకుతూ నిలిచిన పొరను చూపిస్తూ, ఈ అంచుకు అతుక్కొని ఉండగలిగిన తలాలలో తక్కువ వైశాల్యం ఉన్నదాన్ని ఆ పొర తనంతట తానే వెతుక్కుంటుందని, అటువంటి వాటినే కనిష్ఠ తలాలు అంటారని చెప్పారు. తరువాత తీగను పక్కన పెట్టి, అసలు అంచే లేకపోతే ఏమవుతుందని అడిగారు. ఒక మైదానం మీద ప్రతి బిందువుకూ ఒక ఎత్తును నిర్ణయించి, అన్ని దిక్కులా అంతులేకుండా సాగే కనిష్ఠ తలాన్ని గీస్తే, అది చదునుగా తప్ప మరో విధంగా ఉండలేదని రష్యన్ గణితవేత్త బెర్న్‌స్టైన్ 1910లలోనే నిరూపించారు. మైదానానికి రెండు చలరాశులు చాలు. చలరాశులు పెరిగితే కూడా ఈ మాట నిలుస్తుందా అన్నది ఆ తరువాత యాభై ఏళ్లపాటు మిగిలిన ప్రశ్న.

మూడు చలరాశులకు డి జార్జి, నాలుగింటికి ఆల్మ్‌గ్రెన్ నిరూపించారు. 1968లో సైమన్స్ ఒక్కసారిగా ఏడింటి దాకా తీసుకుపోయారు. అంతటితో ఆగకుండా, తన పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో, ఎందుకు ఆగిపోతుందో కూడా ఆయనే చూపించారు. ఎనిమిది నిరూపకాలలో మొదటి నాలుగింటి వర్గాల మొత్తం, తక్కిన నాలుగింటి వర్గాల మొత్తానికి సమానమయ్యే బిందువులన్నింటినీ కలిపితే ఒక శంకువు వస్తుంది. దాని కొన దగ్గర నునుపు లేదు, అయినా దాన్ని కొద్దిగా అటూ ఇటూ కదిపి వైశాల్యం తగ్గించడం సాధ్యం కాదు. మరుసటి ఏడాదే బొంబియేరి, డి జార్జి, జియుస్తి అనే ముగ్గురు ఆ శంకువు నిజంగానే కనిష్ఠమైనదని, ఎనిమిది చలరాశుల దగ్గర బెర్న్‌స్టైన్ మాట తప్పుతుందని తేల్చారు. ఏడు దాకా నిజమైనది ఎనిమిదిలో అబద్ధం కావడం మాలో చాలామందికి ఆ రోజు నమ్మశక్యం కాలేదు. సార్ ముఖంలో మాత్రం, తానే కనిపెట్టినంత సంతోషం ఉండింది.

సైమన్స్ 1938లో మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టారు. ఎంఐటీలో డిగ్రీ ముగించి, బర్క్‌లీలో బెర్ట్రమ్ కోస్టాంట్ దగ్గర 23 ఏళ్ల వయసులో పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఒక వంపు తిరిగిన ప్రదేశంలో ఒక బాణాన్ని దాని దిశ చెడకుండా మోసుకుంటూ, చుట్టూ తిరిగి మొదటి చోటికే తెస్తే అది ఎంత తిరిగిపోయి ఉంటుందన్నది ఆ పరిశోధన విషయం. దానికి మార్సెల్ బెర్జే ఇచ్చిన వర్గీకరణకు సైమన్స్ కొత్త నిరూపణ ఇచ్చారు. కొంతకాలం ఎంఐటీ, హార్వర్డ్‌లలో పాఠాలు చెప్పి, 1964లో ప్రిన్స్‌టన్‌లోని ఐడీఏ అనే రక్షణ పరిశోధన సంస్థలో చేరారు. రహస్య సంకేతాలను ఛేదించడం అక్కడి పని. పనివేళల్లో సగం ప్రభుత్వపు పనికి, తక్కిన సగం సొంత గణితానికి అన్న ఏర్పాటు అక్కడ ఉండేది. నాకెంతో ఇష్టమైన ఆ కనిష్ఠ తలాల వ్యాసం ఆ రెండో సగంలో పుట్టిందే. లెనార్డ్ బామ్ వంటి సహోద్యోగులతో కలిసి ఆయన అక్కడే షేర్ల ధరల మీద కూడా ఒక పత్రం రాశారు. ధర ఎందుకు మారిందన్నదానిని పక్కన పెట్టి, మార్కెట్ మన కంటికి కనబడని కొన్ని స్థితుల మధ్య మారుతూ ఉంటుందని అనుకొని, కనిపించే ధరల నుంచి ఆ స్థితిని అంచనా వేయడం దాని సారం. తరువాత వచ్చినదంతా ఈ విత్తనం నుంచి మొలిచిందేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ ఉద్యోగం ఆయనకు ఎక్కువ కాలం నిలవలేదు. ఆ సంస్థ అధిపతి, సైన్యంలో జనరల్‌గా పనిచేసిన మాక్స్‌వెల్ టేలర్, వియత్నాం యుద్ధాన్ని సమర్థిస్తూ ఒక పత్రికలో వ్యాసం రాస్తే, సైమన్స్ దాన్ని ఖండిస్తూ అదే పత్రికకు లేఖ రాశారు. మరో పత్రిక విలేఖరి అడిగినప్పుడు కూడా తన మాటను దాచుకోలేదు. ఉద్యోగం ఊడిపోయింది. అప్పటికి ఆయనకు భార్యా పిల్లలు ఉన్నారు. ఇది విన్న తరువాత ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. జీతం ఇచ్చేవారు తప్పు చేస్తున్నారని బాహాటంగా చెప్పగలిగిన వారిని మా ప్రాంతంలో నేను ఎక్కువమందిని చూడలేదు.

1968లోనే, ముప్పయ్యేళ్ల వయసులో, న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయం ఆయనను గణిత విభాగాధిపతిగా తీసుకుంది. అది అప్పటికి కొత్త విశ్వవిద్యాలయం. మంచి గణితవేత్తలను ఒక్కొక్కరినీ వెతికి, ఒప్పించి, పిలిపించుకొని జ్యామితిలో పేరున్న విభాగంగా దాన్ని ఆయన నిలబెట్టారు. ఈ పనిని ఆయన చరిత్ర రాసేవారు రెండు వాక్యాలలో దాటేస్తారు. ఒక విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసినవాడిగా నేను అలా దాటలేను. ఎవరిని పిలవాలో తెలియడం, వచ్చినవారిని వారి పని వారు చేసుకునేలా వదిలేయడం, ఇద్దరు తగాదా పడితే మూడోవాడిగా కూర్చొని వినడం, ఇవి ఎవరూ పాఠంగా నేర్పని విద్యలు. ఆ విద్య ఉన్నవారు విభాగాధిపతులుగా ఉన్న చోట చదివిన పిల్లల జీవితాలు ఎలా వేరుగా ఉంటాయో నేను కళ్లారా చూశాను.

ఆ విశ్వవిద్యాలయంలోనే భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న యాంగ్ ఉండేవారు. మూలకణాల మధ్య బలాలను వివరించే భౌతికశాస్త్రవేత్తల గేజ్ సిద్ధాంతానికి, ఒక ప్రదేశంలోని ప్రతి బిందువుకూ మరో ప్రదేశాన్ని అతికించే జ్యామితిలోని ఫైబర్ బండిళ్లకు సంబంధం ఉందని గ్రహించినప్పుడు ఆయన, ఆయన సహచరులు సైమన్స్‌ను పిలిపించుకొని, మధ్యాహ్న భోజన వేళల్లో ఆ గణితం చెప్పించుకున్నారు. 1974లో షింగ్‌షెన్ చెర్న్‌తో కలిసి సైమన్స్ రాసిన వ్యాసం ఈ రెండు శాస్త్రాల మధ్య తరువాత చాలా పెద్ద వంతెన అయింది. ఆ వ్యాసం పుట్టుక గురించి దాని తొలి పేజీలోనే ఉన్న మాటను సార్ మాకు చదివి వినిపించారు. నాలుగు పరిమాణాల వస్తువులకు చెందిన ఒక సంఖ్యను లెక్కగట్టే సూత్రం కోసం వెతుకుతుంటే, అంచు దగ్గర ఒక పదం అడ్డుపడింది, ఎంత ప్రయత్నించినా అది లొంగలేదు. దాన్ని వదిలించుకోవడానికి బదులు, అసలు అదే ఆసక్తికరమైనదని గుర్తించి దాని వెంట పోయారు. మూడు పరిమాణాలలో తనకు కనిపించినదాన్ని సైమన్స్ చెర్న్‌కు చూపిస్తే, ఇది అన్ని పరిమాణాలకూ వర్తిస్తుందని చెర్న్ అన్నారట. 1976లో సైమన్స్‌కు జ్యామితిలో ఎంతో పేరున్న వెబ్లెన్ బహుమతి వచ్చింది. 1989లో ఎడ్వర్డ్ విట్టెన్ ఆ అడ్డుపడిన పదం నుంచే ఒక క్వాంటమ్ సిద్ధాంతాన్ని కట్టి, ముడులను వేరుచేసే జోన్స్ బహుపదులను అందులోంచి రాబట్టారు.

అప్పటికి సైమన్స్ విశ్వవిద్యాలయాన్ని విడిచిపెట్టి పదేళ్లు దాటింది. ఆ సంగతి మా సార్‌కూ తెలియదు, నాకూ తెలియదు. నాకు అది తెలిసేసరికి నేను కర్నూలులో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. అమెరికాలో స్థిరపడిన సహాధ్యాయి ఒకరు సెలవులకు వచ్చి, మన శంకువు సైమన్స్ మార్కెట్ వ్యాపారంతో ఇప్పుడు అక్కడి అతి పెద్ద ధనవంతులలో ఒకరని చెప్పాడు. కొన్ని వారాల తరువాత అనంతపురం వెళ్లినప్పుడు ఆ మాట సార్‌తో అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అంత జ్యామితి తెలిసినాయన జూదంలోకి పోయినాడా అప్పా," అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, ఇంట్లో మనిషి దూరమైనట్టు బాధ ఉంది.

నాకు మాత్రం అది జూదంగా తోచలేదు, దానికి కారణం మా చిన్నాయన. ఆదోని పత్తి మార్కెట్ దగ్గర ఒక మండీలో ఆయన జీవితమంతా గుమాస్తాగా పనిచేశారు. రోజూ సాయంత్రం చిట్టా నుంచి ఆవర్జాలోకి లెక్కలు ఎక్కించిన తరువాత, ఎర్రగుడ్డ అట్ట వేసిన మరో పుస్తకంలో ఆనాటి పత్తి ధర, శనక్కాయల ధర, వాన పడిందా లేదా, ఎన్ని బండ్లు వచ్చాయి అన్నవి తన కోసం రాసుకునేవారు. యజమాని అడిగింది కాదు, ఎవరూ డబ్బు ఇచ్చేదీ కాదు. సెలవుల్లో నేను పక్కన కూర్చొని ధర ఎందుకు పెరిగిందని అడిగితే, "ఎందుకు పెరిగిందో నూరుమంది నూరు రకాలుగా చెప్తారు అబ్బీ. పెరగకముందు రోజు ఏం జరిగిందో రాసిపెట్టుకో, అది చాలు," అనేవారు. సైమన్స్ సంస్థ గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ ఎర్ర పుస్తకాలే గుర్తుకొస్తాయి. కంప్యూటర్‌లోకి ఇంకా చేరని వడ్డీరేట్ల చరిత్రను న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) రికార్డుల నుంచి మనుషుల చేత చేతితో రాయించి తెప్పించుకున్నారు వాళ్లు. అంత పాత అంకెలు ఎందుకని అప్పట్లో చాలామందికి తోచి ఉంటుంది.

1978లో విశ్వవిద్యాలయం వదిలి మోనెమెట్రిక్స్ అన్న చిన్న సంస్థ పెట్టినప్పుడు సైమన్స్ మొదట వ్యాపారం చేసింది విదేశీ ద్రవ్యాలతో, సరుకులతో. 1982లో అది రినైసాన్స్ టెక్నాలజీస్ అయింది. మొదటి ఏళ్లలో లెక్కలతో పాటు తన ఊహనూ నమ్ముకునేవారు, ఒకరోజు గొప్ప లాభం, ఒకరోజు పెద్ద నష్టం, నిద్ర ఉండేది కాదు. 1988లో జేమ్స్ ఆక్స్ అనే మరో గణితవేత్తతో కలిసి మెడాలియన్ అనే పెట్టుబడి నిధిని ప్రారంభించారు. ఇద్దరికీ గణితంలో బహుమతులు వచ్చి ఉండటంతో, పతకం అని అర్థమిచ్చే ఆ పేరు పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే నష్టాలు వచ్చాయి, ఆక్స్ బయటికి వెళ్లిపోయారు. అప్పుడు సందేశాలలో దొర్లే తప్పులను సరిదిద్దే సంకేత సిద్ధాంతంలో పెద్ద పేరున్న ఎల్విన్ బెర్లెకాంప్ వచ్చి పద్ధతినంతా తిరగరాశారు. నెలల తరబడి చేతిలో ఉంచుకునే ఒప్పందాలకు బదులు కొద్దిరోజుల్లోనే ముగిసేవి, కొన్ని పెద్దవాటికి బదులు లెక్కకు మించిన చిన్నవి. 1990 నుంచి ఆ నిధి వెనక్కి తిరిగి చూడలేదు. బెర్లెకాంప్ మాత్రం తన వాటాను అమ్మేసి, పాఠాలు చెప్పుకోవడానికి బర్క్‌లీకి వెళ్లిపోయారు. మా సార్‌కు ఈ కథంతటిలో నచ్చిన మనిషి ఆయనే.

పెద్ద పెద్ద సమీకరణాలు లేకుండానే ఈ మార్పు విలువ చెప్పవచ్చు, నేను డిగ్రీ పిల్లలకు సంభావ్యత పాఠంలో చెబుతూ వచ్చాను. నూటికి 51 సార్లు బొమ్మ పడే నాణెం మీ దగ్గర ఉందనుకోండి. బొమ్మ పడితే రూపాయి మీకు, బొరుసు పడితే రూపాయి ఎదుటివారికి. నూరుసార్లు ఎగరేసి ఆపేస్తే మీరు నష్టపోయే అవకాశం నూటికి 38 దాకా ఉంటుంది, అంటే ఆ నాణెం మంచిదని మీకే అనుమానం వస్తుంది. అదే నాణేన్ని 10,000 సార్లు ఎగరేస్తే నష్టపోయే అవకాశం నూటికి 2కు కాస్త పైన మాత్రమే. నాణెం మారలేదు, ఎగరేసిన సంఖ్య మారింది. అసలు కష్టం ఆ 51ని కనుక్కోవడంలో ఉంది, అది 50 కాదని నిజాయితీగా తేల్చుకోవడంలో ఉంది, ఒక నాణెం మీద ఉన్నదంతా పెట్టకుండా ఉండటంలో ఉంది. ఇవి మూడూ తెలిసినవారు కొద్దిమంది. మూడింటినీ ముప్పయ్యేళ్లపాటు ఆచరించినవారు ఇంకా కొద్దిమంది.

1988 నుంచి 2018 దాకా మెడాలియన్ ఏటా సగటున, రుసుములు తీయకముందు 66 శాతం, తీశాక 39 శాతం సంపాదించింది. 39 శాతం చొప్పున రూపాయిని ముప్పయ్యేళ్లు చక్రవడ్డీలో పెంచితే కాగితం మీద దాదాపు 19,500 రూపాయలవుతుంది. వాస్తవంలో ఎవరికీ అంత కాలేదు, ఎందుకంటే నిధి మరీ పెద్దదైతే దాని కొనుగోళ్లే ధరలను కదిలిస్తాయి కనుక లాభాలను ఎప్పటికప్పుడు పంచేసి పరిమాణాన్ని అదుపులో ఉంచారు. 2005 నాటికి బయటివారి డబ్బునంతా తిరిగి ఇచ్చేసి, ఆ నిధిని ఉద్యోగులకే పరిమితం చేశారు. బయటివారి కోసం ఆ సంస్థ నడిపిన వేరే నిధులకు ఇటువంటి ఫలితాలు రాలేదని, 2020లో మెడాలియన్ గొప్పగా లాభపడిన ఏడాదే అవి నష్టపోయాయని కూడా చెప్పుకోవాలి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ సంస్థలో ఎవరు పనిచేశారన్నది. వాల్‌స్ట్రీట్‌లో ఆరితేరినవారిని ఆయన దాదాపుగా తీసుకోలేదు. గణితం, భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం, కంప్యూటర్లు చదివినవారినే తీసుకున్నారు. 1993లో ఐబీఎం నుంచి వచ్చిన పీటర్ బ్రౌన్, రాబర్ట్ మెర్సర్ అంతకుముందు మనిషి మాటను యంత్రం గుర్తించేలా చేసే పనిలో ఉన్నారు. విన్న శబ్దాల నుంచి పలికిన మాటను అంచనా వేయడం వారి విద్య, దాని వెనుక ఉన్నది ఐడీఏ రోజుల్లో బామ్ పనిచేసిన గణితమే. లాంగ్ ఐలండ్‌లో, స్టోనీ బ్రూక్‌కు దగ్గరలోనే ఆ కార్యాలయం. ఎవరు రాసిన ప్రోగ్రాం అయినా అందరూ చూడవచ్చు, అందరూ ఒకే నమూనాను మెరుగుపరుస్తారు, లాభంలో అందరికీ వాటా. ఐడీఏలో తాను చూసినది, స్టోనీ బ్రూక్‌లో తాను కట్టినది, ఈ సంస్థలో నడిపినది ఒక్కటే పద్ధతి. అందుకే ఆయన గణితం వదిలేశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సార్‌తో నా వాదన ఇదే. జ్ఞానాన్ని అందరితో పంచుకోవడం గణితం, గోడల మధ్య దాచుకోవడం వ్యాపారం కదా అని సార్ అడిగితే మాత్రం నా దగ్గర తృప్తికరమైన జవాబు లేదు.

పన్నుల విషయం కూడా ఆయన జీవితంలో భాగమే. కొద్దిరోజుల లాభాలను తక్కువ పన్ను పడే దీర్ఘకాలపు లాభాలుగా చూపే ఒప్పందాల మీద అమెరికా పన్నుల శాఖతో ఆ సంస్థకు ఏళ్ల తరబడి నడిచిన వివాదం 2021లో, సంస్థలోని వారు 700 కోట్ల డాలర్ల దాకా కట్టడానికి ఒప్పుకోవడంతో ముగిసింది. ఆయనను ఎంత అభిమానించినా, ఆ పద్ధతిని నేను సమర్థించలేను.

ఆయన అనుభవించిన దుఃఖం ముందు ఈ లెక్కలేవీ నిలవవు. కొడుకు పాల్ 1996లో సైకిలు తొక్కుతుండగా ప్రమాదంలో చనిపోయాడు. మరో కొడుకు నికొలస్ 2003లో, 24 ఏళ్ల వయసులో, బాలి తీరంలో మునిగి చనిపోయాడు. నికొలస్ కొంతకాలం నేపాల్‌లో పనిచేసి ఉండటంతో, అతని పేరుమీద అక్కడి కొండ పల్లెల్లో వైద్య సిబ్బందికి శిక్షణ ఇచ్చే సంస్థను తల్లిదండ్రులు నెలకొల్పారు. ఆ తరువాతి కాలంలో సైమన్స్ తిరిగి గణితం వైపు వచ్చారు. డెనిస్ సల్లివాన్‌తో కలిసి, చెర్న్‌తో చేసిన పనికి దగ్గరగా ఉన్న విషయం మీదే వ్యాసం రాశారు. అప్పటికి ఆయన డెబ్బయ్యేళ్లకు చేరువలో ఉన్నారు. ముప్పయ్యేళ్లు దాటిన పాత సమస్య దగ్గరికి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఆయనకు డబ్బు అవసరమూ లేదు, పేరు అవసరమూ లేదు. ఆ వ్యాసం అచ్చు తీసి సార్‌కు ఇచ్చినప్పుడు, ఆయన మొదటి పేజీ చదివి "ఈయన పోలేదప్పా, యాడికీ పోలేదు," అన్నారు. మా వాదనలో ఆయన నా వైపు ఒక అడుగు వేసింది ఆ ఒక్కసారే.

భార్య మేరిలిన్‌తో కలిసి 1994లో పెట్టిన సైమన్స్ ఫౌండేషన్ గురించి చాలామందికి తెలుసు. ఆటిజం మీద పరిశోధన, న్యూయార్క్‌లో కంప్యూటర్ లెక్కలతో విజ్ఞానశాస్త్రం చేసే ఫ్లాటిరన్ సంస్థ, స్టోనీ బ్రూక్‌లో జ్యామితికీ భౌతికశాస్త్రానికీ కలిపి ఒక కేంద్రం, అన్నింటికీ ఆ డబ్బే. పరిశోధన పత్రాలను ఎవరైనా ఉచితంగా చదువుకోగలిగే ఆర్కైవ్‌కు కూడా ఆ ఫౌండేషన్ సాయం అందుతోంది. మా రోజుల్లో ఒక విదేశీ వ్యాసం కావాలంటే బొంబాయికో మద్రాసుకో జాబు రాసి నెలలు ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు కర్నూలులో నా దగ్గర చదివిన పిల్లలు ఫోనులోనే తెరిచి చూస్తున్నారు.

అన్నింటికన్నా నా మనసుకు దగ్గరైనది 2004లో ఆయన మొదలుపెట్టిన మాథ్ ఫర్ అమెరికా. గణితం బాగా తెలిసినవారు బడులలో పాఠాలు చెప్పడానికి నిలిచి ఉండాలంటే వారికి జీతానికి పైన డబ్బు, తోటివారి సహవాసం, సమాజంలో గౌరవం ఇవ్వాలన్నది దాని ఆలోచన. గణితం తెలిసినవారిని ఎక్కువ జీతంతో తన సంస్థలోకి తీసుకుపోయిన వ్యక్తే, అటువంటివారు బడిలో నిలవడానికి ఏం కావాలో ఇంత స్పష్టంగా గుర్తించడం నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది. నా విద్యార్థులలో లెక్కల్లో చురుకైనవారు దాదాపు అందరూ బెంగళూరు, హైదరాబాదు కంపెనీలకు వెళ్లిపోయారు. ఉపాధ్యాయులుగా మిగిలిన ఒకరిద్దరు, మిగిలినందుకు పెళ్లిళ్లలో సైతం సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తున్నది. మా జిల్లాలో అటువంటి ఏర్పాటు ఒకటి ఉంటే బాగుండునని నేను ఎన్నోసార్లు కోరుకున్నాను, ఇప్పటికీ కోరుకుంటున్నాను.

2023లో సైమన్స్ దంపతుల ఫౌండేషన్ స్టోనీ బ్రూక్‌కు 50 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించింది, ఫలానా పనికే వాడాలన్న షరతు లేకుండా. యుద్ధం వద్దన్నందుకు ఉద్యోగం పోయిన ముప్పయ్యేళ్ల మనిషిని పిలిచి విభాగం అప్పగించిన విశ్వవిద్యాలయం అది. ఆయన 2024 మే 10న, 86 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆ వార్త వచ్చిన రోజు సార్‌కు ఫోన్ చేశాను. మేమిద్దరం డబ్బు మాట ఎత్తలేదు. ఆయన ఏడు చలరాశుల దగ్గర నిరూపణ ఎందుకు ఆగుతుందో, ఆ అసమీకరణంలో ఏ గుణకం సరిపోకుండా పోతుందో మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు, నేను కాగితం తీసుకొని రాసుకుంటూ విన్నాను.